ఐడిల్ దిగని పాత కారు: గాలి ఎక్కడినుంచి వస్తోంది?

సిగ్నల్ దగ్గర ఆగినా కారు రేజ్ తగ్గడం లేదని చెప్పి చూడండి, మూడు సలహాలు వెంటనే వస్తాయి. ఐడిల్‌లో గాలిని అదుపు చేసే ఐఏసీ వాల్వ్ మార్చమని ఒకరంటారు. థ్రాటిల్ బాడీ కడిగించమని ఇంకొకరు. స్క్రూ కాస్త వెనక్కి తిప్పితే చాలని మూడోవారు. ఈ మూడింటిలో ఏదీ గాలిమాట కాదు, ఒక్కోటి ఏదో ఒక బండిలో పనిచేసి ఉంటుంది. మీ బండికి అందులో ఏది పట్టేదో తేల్చుకునే దారి మాత్రం చాలామంది చెప్పరు. కార్బొరేటర్ రోజుల నుంచి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ దాకా ఈ సమస్య మీద మెకానిక్కులు పోగేసిన తెలివినంతా ఒకచోట పెట్టి చూస్తే, నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఒక ప్రశ్న. ఈ ఎక్కువ ఐడిల్‌ని బండిలోని కంప్యూటరే కోరుతోందా, లేక దాని అదుపు తప్పి గాలి లోపలికి దూరుతోందా? జవాబు తెలియకుండా ఏ పార్టు కొన్నా అది జూదమే.

అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లు, లైట్ ట్రక్కుల సగటు వయసు 2024లో 12.6 ఏళ్లని ఎస్ అండ్ పీ గ్లోబల్ మొబిలిటీ లెక్క కట్టింది. సగటే అంత ఉన్నప్పుడు డెంటన్‌లోనో వారెన్స్‌బర్గ్‌లోనో చదువుకునే మన పిల్లలు నలుగురు కలిసి కొనే కామ్రీ, సివిక్, ఆల్టిమాలకు ఇరవై ఏళ్లు దాటి ఉండడంలో వింత లేదు. గంట కూలే వంద డాలర్లు దాటే చోట, ఊహ మీద మార్చిన ఒక్క పార్టు నెల సరుకుల డబ్బు మింగేస్తుంది. పైగా రేజ్ తగ్గని ఆటోమేటిక్ బండి బ్రేకు మీద కాలు తీయగానే ముందుకు ఉరుకుతుంది. పార్కింగ్ లాట్‌లో పిల్లలు అడ్డొచ్చే చోట అది చిన్న విషయం కాదు.

పెట్రోలు ఇంజన్ వేగాన్ని నిర్ణయించేది గాలి. పెట్రోలు ఆ గాలి కొలతను బట్టి వస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే థ్రాటిల్ పలక దాదాపుగా మూసుకుంటుంది, పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. దాంతో ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలి పీడనం బయటి పీడనంలో సుమారు మూడో వంతుకి పడిపోతుంది. సముద్రమట్టం దగ్గర, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కి వాక్యూమ్ గేజి తగిలిస్తే 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది, కాబట్టి డెన్వర్‌లో 14 కనబడితే కంగారు పడక్కర్లేదు. అంత బలంగా పీల్చుకునే చోట పెన్సిల్ మొన పట్టేంత చీలిక పడినా గాలి దూసుకొస్తుంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు కూడా అందితే రేజ్ పెరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బళ్లలో ఇగ్నిషన్ టైమింగ్ మరీ ముందుకు జరిగినా ఐడిల్ పెరుగుతుంది గానీ, ఎవరో చెయ్యి పెడితే తప్ప అది సాధారణంగా జరగదు.

ముందుగా, జబ్బు కానివాటిని పక్కన పెట్టాలి. చల్లని ఇంజన్ మొదటి ఒకటి రెండు నిమిషాలు 1200 నుంచి 1500 ఆర్‌పీఎం మీద తిరగడం మామూలే. చలి ఎక్కువుంటే ఇంకాస్త పైన కూడా తిరుగుతుంది. 1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లలో విరివిగా వచ్చిన కేటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేనే పనిచేస్తుంది, దాన్ని త్వరగా వేడెక్కించడం కూడా ఆ రేజ్ ఉద్దేశాల్లో ఒకటి. చలికాలం పొద్దున అద్దం మీద మంచు పోవడానికి డీఫ్రాస్ట్ మీట నొక్కితే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ కూడా ఆన్ అవుతుంది, దాని బరువు మోయడానికి కంప్యూటర్ ఐడిల్ కొంచెం పెంచుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి, ఏసీ, డీఫ్రాస్ట్ ఆపేశాక కూడా ముల్లు 1000 దాటి నిలబడితేనే మనం మాట్లాడుకునే సమస్య మొదలైనట్టు. చాలా బళ్లకు వేడెక్కిన తర్వాతి ఐడిల్ 600 నుంచి 850 మధ్య ఉంటుంది. మీ బండిది ఎంతో తెలుసుకోవడానికి హుడ్ ఎత్తండి. హుడ్ లోపలివైపో రేడియేటర్ పైనో ఉద్గారాల వివరాల స్టిక్కర్ ఉంటుంది. పాత బళ్లలో దాని మీదే ఐడిల్ వేగం, టైమింగ్, వాక్యూమ్ గొట్టాలు ఏది ఎక్కడికి వెళ్లాలో చూపే బొమ్మ అచ్చేసి ఉంటాయి. పాతికేళ్ల బండిలో ఆ బొమ్మకున్న విలువ ఇంతా అంతా కాదు. కొనే రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

కార్బొరేటర్ కాలంలో కంప్యూటర్ లేదు కాబట్టి మన ప్రశ్న వేరే రూపంలో ఉండేది. చల్లగా ఉన్నప్పుడు చోక్ మూసుకుని, ఫాస్ట్ ఐడిల్ క్యామ్ అనే మెట్ల చక్రం థ్రాటిల్‌ని కాస్త తెరిచి పట్టుకునేది. వేడెక్కేకొద్దీ రెండు లోహాలు కలిపి చుట్టిన స్ప్రింగు సడలి, క్యామ్ ఒక్కో మెట్టే దిగేది. ఆ స్ప్రింగు పాడైనా, క్యామ్ మురికిపట్టి ఇరుక్కున్నా ఇంజన్ పైమెట్టు మీదే ఉండిపోయేది. అప్పటి మెకానిక్ యాక్సిలరేటర్‌ని ఒకసారి గట్టిగా తొక్కి వదిలి, ముల్లు దిగిందా లేదా చూసేవాడు. దిగితే క్యామ్, దిగకపోతే గాలి లీకు లేదా అరిగిన థ్రాటిల్ షాఫ్టు. షాఫ్టు అరిగితే దాని చుట్టూ ఉన్న సందులోంచి గాలి వెళ్తుంది, ఎంత స్క్రూ తిప్పినా అది సర్దుకోదు. 1990ల మొదటి ఏళ్లకల్లా కొత్త కార్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. క్లాసిక్ కార్లు, పాత పికప్‌లు ఉన్నవాళ్లకు ఈ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక వ్యవహారం ఆసక్తిగా మారింది. లోపలికి వెళ్లే గాలిని కంప్యూటర్ రెండు రకాలుగా లెక్కిస్తుంది. 1990ల సివిక్‌లు, అదే కాలపు నాలుగు సిలిండర్ల కామ్రీలు మానిఫోల్డ్‌లోని పీడనాన్ని ఎంఏపీ సెన్సర్‌తో కొలిచి గాలిని అంచనా కట్టేవి. ఇంకొన్ని బళ్లు గాలి గొట్టంలోనే ఎంఏఎఫ్ సెన్సర్ పెట్టి, దాటి వెళ్లే గాలినే కొలుస్తాయి. ఒకే చీలిక ఈ రెండు రకాల్లో రెండు రకాల లక్షణాలు చూపిస్తుంది. ఈ తేడా తెలియకే చాలామంది దారి తప్పుతారని నా అభిప్రాయం. ఎంఏపీ బండిలో గొట్టం చీలితే పీడనం పెరిగిన సంగతి సెన్సర్‌కి తెలిసిపోతుంది, కంప్యూటర్ దానికి సరిపడా పెట్రోలు పంపుతుంది, ఇంజన్ ఏ వణుకూ లేకుండా నున్నగా, ఎక్కువ వేగంతో తిరుగుతుంది. చెక్ ఇంజన్ దీపం వెలగకపోవచ్చు కూడా. ఎంఏఎఫ్ బండిలో చీలిక నుంచి వచ్చిన గాలి సెన్సర్ దాటాక లోపలికి దూరుతుంది కాబట్టి లెక్కలోకి రాదు. పెట్రోలు చాలక ఇంజన్ వణుకుతుంది, ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చెబితే కంప్యూటర్ పెట్రోలు పెంచుకుంటూ పోతుంది, కొన్నాళ్లకు పెట్రోలు చాలడం లేదని చెప్పే పీ0171 కోడ్ పడుతుంది.

కోడ్ల గురించి ఒక మాట. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ, లైట్ ట్రక్కుకూ లోపాలను కోడ్లుగా నమోదు చేసే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి. స్టీరింగ్ కింద సాకెట్‌లో చవక స్కానర్ పెట్టినా కోడ్లు కనబడతాయి. చాలా రాష్ట్రాల్లో ఆటోజోన్, ఓరైలీ వంటి దుకాణాల్లో ఉచితంగా చదివిపెడతారు. అంతకుముందు బళ్లలో చిన్న తీగ ముక్కే స్కానర్. జనరల్ మోటార్స్ కార్లలో డ్యాష్ కింది కనెక్టర్‌లో ఏ, బీ పిన్నులను తీగతో కలిపి తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజన్ దీపం మిణుకులతో కోడ్ చెప్పేది. ముందు ఒక మిణుకు, ఆగి రెండు మిణుకులు. అంటే 12, వ్యవస్థ మాట్లాడుతోందని అర్థం. ఇక ఐడిల్ ఉండాల్సినదానికంటే ఎక్కువుందని చెప్పే ఓబీడీ-2 కోడ్ పీ0507. ఐడిల్ నియంత్రణ వ్యవస్థ మొత్తం మీద అనుమానం చెప్పేది పీ0505. ఈ రెండూ ఫిర్యాదును నమోదు చేస్తాయే గానీ దోషిని చూపించవు. పీ0505 చూసి వెంటనే ఐఏసీ వాల్వ్ కొనేవాళ్లు ఈ తేడాను మరచిపోతారు.

దోషిని చూపించేది స్కానర్‌లోని మరో పేజీ, లైవ్ డేటా. కంప్యూటర్ కోరుతున్న ఐడిల్, నిజంగా ఉన్న ఐడిల్ పక్కపక్కన చూపించే స్కానర్ దొరికితే మొదటి ప్రశ్నకి జవాబు నిమిషంలో తేలుతుంది. కోరినదీ 1400, ఉన్నదీ 1400 అయితే కంప్యూటర్‌కి ఎవరో తప్పు సమాచారం ఇస్తున్నారు. కోరింది 700, ఉన్నది 1400 అయితే గాలి అడ్డదారిన వస్తోంది. 1980లు, 90ల జనరల్ మోటార్స్ బళ్లలో ఇది మరీ చక్కగా కనిపించేది. వాటి ఐఏసీ వాల్వ్ స్టెప్పర్ మోటారుతో మెట్లు మెట్లుగా తెరుచుకుంటుంది, ఆ మెట్ల సంఖ్యను స్కానర్ చూపిస్తుంది. రేజ్ ఎక్కువుండి మెట్లు సున్నా దగ్గరుంటే, వాల్వ్‌ని పూర్తిగా మూసేయమని కంప్యూటర్ చెప్పినా గాలి ఆగడం లేదన్నమాట. మెట్లు ఎక్కువుంటే తెరవమని చెప్పింది తనే.

కంప్యూటరే కోరుతున్నప్పుడు మొట్టమొదట అనుమానించాల్సింది కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌ని. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గాలి. టయోటా సెన్సర్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2500 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 320 ఓములు చూపించాలి. వైరు తెగినా, కనెక్టర్ తుప్పుపట్టినా నిరోధం అమాంతం పెరుగుతుంది. కంప్యూటర్ దాన్ని గడ్డకట్టే చలిగా చదువుకుని, ఆగస్టు నెల ఫీనిక్స్‌లో కూడా చలికాలపు రేజ్ ఇస్తుంది. సెన్సర్ బాగున్నా థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే కూలెంట్ వేడెక్కదు. మిన్నెసోటా, విస్కాన్సిన్ చలికాలాల్లో హీటర్ నుంచి గోరువెచ్చని గాలే వస్తుంటే, ఐడిల్ దిగకుండా ఉంటే, కూలెంట్ తగినంత వేడెక్కలేదని చెప్పే పీ0128 కూడా పడితే, థర్మోస్టాట్ తప్ప ఇంకొకటి వెతకక్కర్లేదు. దాని ఖరీదు తక్కువ, శ్రమా తక్కువే. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ అరిగి, కాలు తీసేసినా తొక్కినట్టే సంకేతం పంపడం మూడో కారణం.

గాలి అడ్డదారిన వస్తుంటే వెతకడంలోనే నేర్పు ఉంది. టెక్సస్, ఆరిజోనా ఎండలో హుడ్ కింద ఉడికిన రబ్బరు గొట్టాలు బిస్కెట్‌లా పెళుసెక్కి విరుగుతాయి, ఎక్కువగా వంపుల దగ్గర, ఇంజన్ వెనక కంటికి కనబడని చోట. క్రాంక్‌కేస్ ఆవిర్లను లాగే పీసీవీ గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం, మానిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ల ఓ-రింగులు, పెట్రోలు ఆవిర్లను ఇంజన్‌కి పంపే దారిలో తెరుచుకుని ఉండిపోయిన ఈవాప్ పర్జ్ వాల్వ్, ఇవీ మామూలు స్థలాలు. గాస్కెట్‌కి ఇంకో గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు లోహం కుంచించుకుని సందు ఇస్తుంది, వేడెక్కాక మూసుకుంటుంది. పొద్దున మాత్రమే ఇబ్బంది పెట్టి, మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి మాయమయ్యే సమస్య వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. అందుకే బండిని ముందు రోజు సాయంత్రమే షాపులో వదిలి, పొద్దున చల్లని ఇంజన్‌తో చూడమనడం మంచిది.

1990ల చివరి నాలుగు సిలిండర్ల కామ్రీనే తీసుకుందాం, పని ఎలా సాగుతుందో చూడొచ్చు. ఇంజన్ వేడెక్కింది, ముల్లు 1500 మీద నిలబడింది. ముందు థ్రాటిల్ మీటని వేళ్లతో మూసే వైపు నొక్కాలి. ముల్లు దిగితే కేబుల్ బిగుసుకుందనో, పలక అంచున మసి పేరుకుందనో అర్థం. మిషిగన్ ఉప్పు రోడ్ల మీద తిరిగిన బండికి కేబుల్ లోపల తుప్పు మామూలే. దిగకపోతే, గాలి గొట్టం ఊడదీస్తే థ్రాటిల్ పలకకి ముందు వేలు పట్టేంత కన్నం కనిపిస్తుంది. ఐఏసీ వాల్వ్ గాలి పీల్చేది అక్కడినుంచే. దాన్ని వేలితో మూయండి. ఇంజన్ ఒక్కసారి మూలిగి ఆగబోతే, ఎక్కువ గాలి ఐఏసీ గుండానే వస్తోంది. వాల్వ్ మసిపట్టి తెరుచుకుని ఉండిపోయిందో, కంప్యూటరే తెరిచి ఉంచిందో అప్పుడు చూడాలి. మూసినా రేజ్ ఏమీ మారకపోతే ఐఏసీ నిర్దోషి, డబ్బు మిగిలినట్టే. తర్వాత వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా, గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నలిపి పట్టుకోవాలి. ఏది నొక్కితే రేజ్ తగ్గిందో ఆ గొట్టానికి అవతలి చివర తప్పు ఉంది. ఎంఏపీ బండి కాబట్టి గొట్టం ఊడదీసినా ఇంజన్ నడుస్తుంది. ఎంఏఎఫ్ బండిలో వేలి పరీక్ష చెయ్యడానికి లేదు, గొట్టం ఊడితే చాలావరకు ఆగిపోతుంది.

ఎంఏఎఫ్ బళ్లకు స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూడడం ఉత్తమం. ఐడిల్ దగ్గర ట్రిమ్ ప్లస్ 20 శాతం పైన ఉండి, 2500 ఆర్‌పీఎంకి పెంచగానే సున్నా దగ్గరికి వస్తే వాక్యూమ్ లీకే. చీలిక నుంచి వచ్చే గాలి పెద్దగా పెరగదు, థ్రాటిల్ తెరిచేకొద్దీ మొత్తం గాలిలో దాని వాటా తగ్గిపోతుంది. ఎంఏపీ బండిలో లీకు ఉన్నా ట్రిమ్ మామూలుగానే కనబడొచ్చు, కాబట్టి ట్రిమ్ బాగుంది గనుక లీకు లేదనే తీర్పు అక్కడ చెల్లదు.

చీలిక చోటు పట్టుకోవడానికి కార్బ్ క్లీనర్ చిమ్మి, రేజ్ మారిందా అని వినే పద్ధతి తరాలుగా ఉంది. పనిచేస్తుంది, నేను కాదనను. అయితే ఆ ద్రవం భగ్గుమనే రకం, కింద ఎగ్జాస్ట్ బాగా కాగి ఉంటుంది, పాత ఇగ్నిషన్ వైర్ల నుంచి నిప్పురవ్వలు దూకుతాయి. ఫ్యాను, బెల్టు తిరుగుతున్న చోట చున్నీ, ఐడీ కార్డు తాడు వేలాడకూడదు. చిమ్మినది గాలి గొట్టం మూతిలోకి పోయినా రేజ్ మారి, లేని చోట లీకు ఉన్నట్టు అనిపిస్తుంది. దీనికంటే పొగ పరీక్షే నాకు ఇష్టం. ఇంజన్ ఆపి, స్వల్ప పీడనంతో పొగను మానిఫోల్డ్‌లోకి పంపితే చీలిక ఉన్న చోటినుంచి సన్నటి తీగలా పైకి వస్తుంది. షాపులు దీనికి డబ్బు తీసుకుంటాయి, కానీ రెండు పార్టులు ఊహతో మార్చిన ఖర్చుతో పోలిస్తే ఆ సొమ్ము సద్వినియోగమే. ఇంకొకటి, ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో ఇంజన్ నడిపి ఈ పనులేవీ చేయొద్దు. తలుపు తెరిచి ఉన్నా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బండిని డ్రైవ్‌వేలోకి తీసుకురండి.

ముల్లు ఒకచోట నిలవకుండా 1000కీ 2000కీ మధ్య ఊగుతుంటే అది వేరే కథ. 1990ల హోండాల్లో ఇది తరచుగా కనిపించేది. థ్రాటిల్ మూసి ఉండగా రేజ్ ఒక హద్దు దాటితే, బండి వాలులో దిగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. రేజ్ పడగానే మళ్లీ ఇస్తుంది. లోపలికి వచ్చే గాలి తగ్గలేదు గనుక మళ్లీ పైకి, మళ్లీ కిందికి. ఆ హోండాల్లో రెండు చోట్లు చూడాలి. మొదటిది రేడియేటర్. కూలెంట్ తగ్గినా, మధ్యలో గాలి బుడగ చిక్కుకున్నా ఐడిల్ వాల్వ్‌కి వేడి అందదు. కూలెంట్ నింపి, గాలి పోయేలా బ్లీడ్ చేస్తే పైసా పార్టు లేకుండా సరిపోయిన బళ్లు ఎన్నో ఉన్నాయి. రెండోది ఫాస్ట్ ఐడిల్ థర్మో వాల్వ్. అందులో మైనం కూలెంట్ వేడికి ఉబ్బి గాలి దారి మూయాలి. లోపలి ప్లాస్టిక్ మర వదులైపోతే మూసుకోదు. విప్పి ఆ మర బిగిస్తే పని అయిపోతుంది.

థ్రాటిల్ బాడీ కడగడం మీద అందరూ ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. కేబుల్ ఉన్న పాత బళ్లలో కడగడం వల్ల నష్టం తక్కువ. కేబుల్ లేకుండా మోటారుతో తెరుచుకునే థ్రాటిల్ ఉన్న 2000ల నిస్సాన్ బళ్లలో మాత్రం కడిగాకే రేజ్ పెరగడం మామూలు విషయం. మసి పేరుకునేకొద్దీ కంప్యూటర్ పలకను కొంచెం ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. మసి పోయినా పాత పాఠం పోదు, గాలి ఎక్కువై పీ0507 పడుతుంది. బ్యాటరీ తీసి పెట్టినా కొన్నిసార్లు ఇదే. అప్పుడు ఐడిల్ ఎయిర్ వాల్యూమ్ లెర్నింగ్ అనే పద్ధతి చేయించాలి, మంచి స్కానర్ ఉన్న షాపులో అది కొద్ది నిమిషాల పని. కడిగించే ముందే, తర్వాత రీలెర్న్ చేస్తారా అని అడగండి.

స్క్రూ తిప్పమనే సలహాను మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. థ్రాటిల్ ఆగే చోటిని నిర్ణయించే ఆ స్క్రూని ఫ్యాక్టరీలోనే అమర్చి, చాలా బళ్లలో రంగు చుక్కో మూతో పెట్టి వదిలేస్తారు. చీలిక ఉన్న బండికి స్క్రూ తిప్పి రేజ్ తగ్గించినా చీలిక అలాగే ఉంటుంది. రేపు గొట్టం మార్చాక ఇంజన్ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. టైమింగ్ సరిచేసుకునే పాత టయోటాల్లోనైతే డయాగ్నొస్టిక్ బాక్సులో టీఈ1, ఈ1 పిన్నులు కలిపాకే టైమింగ్ చూడాలి. అది తెలియకుండా డిస్ట్రిబ్యూటర్ కదిపితే ఒక తప్పు మీద ఇంకో తప్పు చేరుతుంది.

రేజ్ పెరిగినప్పుడు కంప్యూటర్‌నే నిందించే అలవాటుకి పెద్ద పరీక్ష టయోటా విషయంలో జరిగింది. 2009, 2010లో తనంతట తానే వేగం పెరిగిందన్న ఫిర్యాదుల మీద లక్షల బళ్లను ఫ్లోర్ మ్యాట్, ఇరుక్కునే పెడల్ కారణాలతో వెనక్కి పిలిచారు. ఎలక్ట్రానిక్స్ మీద అనుమానం తీర్చడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ నాసా ఇంజనీర్ల సాయం కోరింది. 2011 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక ప్రకారం ప్రమాదకర వేగవృద్ధికి కారణమయ్యే ఎలక్ట్రానిక్ లోపం వాళ్లకు దొరకలేదు. అవి ఐడిల్ కేసులు కావు, అయినా హుడ్ ఎత్తే ముందు పెడల్ కింద మ్యాట్ ముడుచుకుని ఉందేమో వంగి చూడమని అది మనకు చెబుతుంది.

మాన్యువల్ కొనాల్సిన పని కూడా చాలామందికి ఉండదు. అనేక పబ్లిక్ లైబ్రరీలు కార్డు ఉన్నవాళ్లకు చిల్టన్ మరమ్మతు సమాచారాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తాయి. మీ మోడల్, ఏడాది కొడితే సెన్సర్ విలువలు, రేఖాచిత్రాలు వస్తాయి.

బాగు చేశాక ఎమిషన్ టెస్ట్ దగ్గర పడితే ఒక జాగ్రత్త అవసరం. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు భద్రతా తనిఖీ తీసేశారు గానీ డాలస్, కొలిన్ వంటి కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష ఉంది. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి మోడళ్లకు స్మాగ్ చెక్ ఉంది. కోడ్ చెరిపినా, బ్యాటరీ తీసినా ఓబీడీ-2 తన సొంత పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపే రెడీనెస్ మానిటర్లు ఖాళీ అవుతాయి, అవి నిండకుండా వెళ్తే పరీక్ష పూర్తి కాదు. ఊళ్లోనూ ఫ్రీవే మీదా కలిపి కొన్ని రోజులు నడిపి, స్కానర్‌లో మానిటర్లన్నీ సిద్ధంగా ఉన్నాయని చూసుకున్నాకే స్టేషన్‌కి వెళ్లండి.